కంకి కొడవలి, నక్షత్రం

1967 ఎన్నికల్లో కర్నూలు లోక్‌సభ స్థానం నుంచి స్వతంత్ర పార్టీ తరఫున వై. గడిలింగన గౌడు గెలిచారు. పక్కనే కడప నుంచి కమ్యూనిస్టు పార్టీ తరఫున ఎద్దుల ఈశ్వరరెడ్డి గెలిచారు. ఒకరిది నక్షత్రం గుర్తు, ఇంకొకరిది కంకి కొడవలి. సేద్యంలో, వ్యాపారంలో సర్కారు జోక్యం వద్దనేది ఒక పార్టీ. భూమి, బ్యాంకు, ఫ్యాక్టరీ జనం చేతికి రావాలనేది రెండో పార్టీ. కర్నూలుది జొన్నరొట్టె, కడపది రాగిసంగటి అనే తేడా తప్పితే ఎండా కరువూ రెండుచోట్లా ఒకటే. ఒకే వానకు ఎదురుచూసే జనం ఒకే ఏడాది ఇట్లా రెండు దారుల్లో ఓటు వేశారు.

ఆ ఓట్ల వెనక కులం, పలుకుబడి, ఊరి పెద్దరెడ్డి మాట లేవని నేననను. అన్నీ ఉన్నాయి. కానీ వాటి పక్కన ఒక వాదన కూడా ఉండేది. బజార్లో, రచ్చబండ మీద, రైలు పెట్టెలో ఆ వాదన నడిచేది. ‘నీ పార్టీ ఎవరి పక్షం?’ అని అడిగితే చెప్పడానికి ప్రతి మనిషి దగ్గరా ఏదో ఒక జవాబు ఉండేది. ఈశ్వరరెడ్డి 1952 నుంచి 1971 దాకా జరిగిన ఐదు ఎన్నికల్లో నాలుగుసార్లు కడప ఎంపీ అయ్యారు. ముఠా తగాదాలకు పేరుమోసిన జిల్లా అని బయటివాళ్లు చెప్పుకునే చోట, అంతకాలం ఒక కమ్యూనిస్టు జనం మనిషిగా నిలబడ్డాడంటే ఇప్పటి పిల్లలు నమ్మలేరు. చెప్పేవాళ్లు తగ్గిపోయారు. అందుకే ఈ రాత.

నేను చూసినవి చెప్పే ముందు, వాటి కింద ఉన్న పాత సంగతులు కొన్ని చెప్పాలి. సీమలో ఉదారవాదం, సోషలిజం, కార్మిక సంఘం ఒకే రోజు పుట్టినవి కావు. ఒకదాని లోటులోంచి ఇంకొకటి పుట్టింది.

1800లో నిజాం ఈ నేలను కంపెనీకి ఇచ్చేశాక ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1807 దాకా గుర్రం మీద తిరిగి పొలాలు కొలిపించి, పాలెగాళ్లను పక్కకు నెట్టి, రైతు పేరు మీదనే శిస్తు కట్టించుకునే పద్ధతి పెట్టాడు. 1827లో పత్తికొండలో కలరా తగిలి చనిపోయాడు. ఆయన మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారని పెద్దలు చెప్పేవాళ్లు. మన్రో తనను ఉదారవాదినని చెప్పుకున్న మనిషి కాడు. అయినా ఆయన చేసిన పనిలో ఆ సిద్ధాంతపు మొలక ఉంది. నడుమ దొర లేకుండా ఒక మనిషి, ఆ మనిషికి ఒక ఆస్తి, దానికి ఒక కాగితం. అది పెద్ద మార్పే. కానీ ఆ పట్టా కాగితంలో సేద్యగాడికి, జీతగాడికి చోటు లేదు. నేల ఉన్నవాడే మనిషిగా లెక్కకొచ్చాడు. లేనివాడు ఆ లెక్కలోకి రావడానికి ఇంకా వందేళ్లకు పైగా పట్టింది.

రెండోది కె.సి. కాలువ. ఇప్పుడు కాలువ అనగానే సర్కారు పని అనుకుంటాం. ఈ కాలువను 1860ల్లో తవ్వించింది లండన్‌లో వాటాలు అమ్మిన ఒక ప్రైవేటు కంపెనీ, మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా సుమారు మూడు వందల కిలోమీటర్లు నీళ్లు పారించాలని, అదే కాలువలో పడవలు నడపాలని వాళ్ల ఆలోచన. పెట్టుబడి మీద నూటికి ఐదు వడ్డీ వస్తుందని సర్కారు పూచీ ఇచ్చింది. లాభం వస్తే వాటాదారులకు, నష్టం వస్తే పన్ను కట్టే జనానికి. నల్లరేగడి రైతులు నీటి తీరువ కట్టడానికి మొదట్లో ముందుకు రాలేదు. పడవలు అనుకున్నంత తిరగలేదు. చివరికి 1882లో సర్కారే కాలువను కొనుక్కుంది. ఆ పడవలను చూసినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అక్కడక్కడ లాకుల రాళ్లు మిగిలాయి.

ఆ కాలువ పూర్తయిన కొన్నేళ్లకే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా. మా ఇళ్లల్లో ముసలివాళ్లు దాన్ని తలచుకునేటప్పుడు గొంతు తగ్గించేవాళ్లు, వాళ్లు స్వయంగా చూడకపోయినా. ధాన్యం వ్యాపారంలో సర్కారు వేలు పెడితే వర్తకం చెడిపోతుందనేది నాటి పాలకుల నమ్మకం. ఆ నమ్మకానికి ఆడమ్ స్మిత్ పేరు వాడుకున్నారు. వైస్రాయి లిట్టన్ పంపగా 1877 మొదట్లో వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో రాళ్లు కొట్టే కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాసింత డబ్బు చాలన్నాడు. పౌనంటే అర కిలో కూడా లేదు. ఆ తిండితో పని చేసే ఒళ్లు నిలవదని మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ లెక్కలు వేసి ఎదిరించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. ఆలోగా పోవలసినవాళ్లు పోయారు. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో నాలుగో వంతు మనుషులు తగ్గిపోయారు.

స్వేచ్ఛ అనే మాటను నేను ప్రేమిస్తాను. ప్రేమిస్తాను కాబట్టే ఈ కరువును మరవలేను. ధాన్యం బస్తాకు ఇచ్చిన స్వేచ్ఛ రాయి కొట్టే మనిషికి ఎందుకు దక్కలేదని అడగకుండా సీమలో ఉదారవాదం గురించి మాట్లాడడం అన్యాయం.

ఆ ప్రశ్నను మొదట అడిగినవాళ్లు కూడా ఉదారవాదులే. ఇది కమ్యూనిస్టు మిత్రులు ఒప్పుకోవడానికి కొంచెం తటపటాయించే విషయం. మా పక్క గుత్తిలో పి. కేశవపిళ్లై అనే వకీలు ఉండేవారు. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెస్ సభకు వెళ్లిన ప్రతినిధుల్లో ఒకరు. దివాన్ బహదూర్. అర్జీలు, శాసనమండలి ప్రశ్నలు, పత్రికలకు లేఖలు, ఇదీ ఆయన దారి. అటువంటి మనిషి 1918 ఏప్రిల్‌లో మద్రాసులో బి.పి. వాడియా అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టినప్పుడు ఉపాధ్యక్షుడయ్యారు. దేశంలో పద్ధతిగా సభ్యత్వం, చందా, కమిటీ పెట్టుకుని నడిచిన తొలి కార్మిక సంఘం అదే. బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల కూలీలు దాని సభ్యులు. సీమ నుంచి వెళ్లిన పెద్దమనిషి, తలపాగా కట్టిన మితవాది, మిల్లు కూలీల పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. 1922లో బ్రిటిష్ గయానాకు వెళ్లి అక్కడి మన కూలీల బతుకు చూసి వచ్చిన బృందంలోనూ ఆయనున్నారు.

వాడియా అనిబిసెంటు అనుచరుడు. ఆమె కథ ఇంకా విచిత్రం. లండన్‌లో ఫేబియన్ సోషలిస్టుగా 1888లో అగ్గిపుల్లల ఫ్యాక్టరీ ఆడపిల్లల సమ్మెకు అండగా నిలిచి, తర్వాత దివ్యజ్ఞాన సమాజానికి వచ్చి, మదనపల్లెలో కాలేజీ పెట్టించింది. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలోనిదే. ఒకే మనిషి బతుకులో ఉదారవాదం, సోషలిజం, సమ్మె మూడూ ఉన్నాయంటే, వాటి మధ్య గోడలు తర్వాత కట్టినవేనని అర్థం.

కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు సంగతి దీనికన్నా ముందుది. 1908లో తూత్తుకుడి కోరల్ మిల్లు కూలీలు సమ్మె చేశారు. వారి వెంట నిలిచిన చిదంబరం పిళ్లైని అరెస్టు చేస్తే తిరునల్వేలి భగ్గుమంది, పోలీసులు కాల్చారు. ఆ కాల్పుల మీద బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో నిప్పులు కక్కే వ్యాసం వచ్చింది. సంపాదకుడు గాడిచర్ల జైలుకు వెళ్లాడు. ఆరు నెలల శిక్షను హైకోర్టు మూడేళ్లు చేసింది. ఆయనను తొలి ఆంధ్ర రాజకీయ ఖైదీ అంటారు. మన పుస్తకాల్లో ఇది పత్రికా స్వేచ్ఛ అధ్యాయంలో ఉంటుంది. ఆ కథ మొదలైంది మాత్రం ఒక మిల్లు గేటు దగ్గర. కూలి పెంచమన్న మనిషికీ, రాసే హక్కు కావాలన్న మనిషికీ సంకెళ్లు ఒక్కచోటే పోతపోశారు. జైలు నుంచి వచ్చాక ఆయన గ్రంథాలయాలు, వయోజన విద్య పనిలో పడిపోయారు. మేం చదువుకున్న పల్లె లైబ్రరీల వెనక ఆ చెయ్యి ఉంది.

మద్రాసు యూనియన్ మీద మిల్లు యాజమాన్యం హైకోర్టుకు వెళ్లింది. కూలీలను పనిమానమని చెప్పడమే నేరమన్నట్టు వాడియా మీద ఆంక్ష తెచ్చింది. ఇంగ్లండులో 1901లో టాఫ్‌వేల్ రైలు కంపెనీ కేసులో ఇట్లాంటిదే జరిగితే 1906లో అక్కడి లిబరల్ ప్రభుత్వం చట్టం మార్చి సంఘాలను కాపాడింది. ఇక్కడ ఆ పని భుజాన వేసుకున్నవాడు ఎన్.ఎం. జోషి. గోఖలే స్థాపించిన భారత సేవక సమాజం మనిషి, అచ్చమైన ఉదారవాది. 1921లో ఆయన కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టాడు. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. తర్వాత ఎర్రజెండా కింద నిలబడ్డ ప్రతి సంఘం రిజిస్టరు అయింది ఆ చట్టం కిందనే.

1929లో నాగపూరులో కార్మిక కాంగ్రెసు చీలింది. జోషి, మన వి.వి. గిరి వంటివాళ్లు బయటికి వచ్చి వేరే సమాఖ్య పెట్టుకున్నారు. లోపల కమ్యూనిస్టులు బలపడ్డారు. అప్పటిదాకా ఒకే కప్పు కింద పొట్లాడుకుంటూ బతికిన ఉమ్మడి కుటుంబం అక్కడ వేరుపడింది. తర్వాత కొన్నిసార్లు కలిశారు, మళ్లీ విడిపోయారు. కానీ కింద, ఊళ్లల్లో, ఆ చీలిక పేపర్లో చదివినంత గట్టిగా ఉండేది కాదు. అది నాకు నందలూరులో తెలిసింది.

నందలూరు చెయ్యేరు ఒడ్డున ఉంది. మద్రాసు-బొంబాయి లైను మీద ఆవిరి ఇంజన్లకు పెద్ద షెడ్డు అక్కడుండేది. చెయ్యేటి నీళ్లు ఇంజన్లకు మంచివని, అందుకే షెడ్డు అక్కడ పెట్టారని చెప్పుకునేవాళ్లు. మా నాయన ఆ షెడ్డులో ఫిట్టరు. మేం పెరిగింది రైల్వే క్వార్టర్లలో. షిఫ్టు మారే వేళకు మోగే సైరనే ఊరంతటికీ గడియారం. అమ్మ పొయ్యి మీద సంగటి కెలికేదీ, మసీదు దగ్గర టీ కొట్టు తెరిచేదీ, బడి పిల్లలు పరుగెత్తేదీ దాన్నిబట్టే.

నాయన లాల్చీ జేబులో ఒక ఇత్తడి బిళ్ల ఉండేది. గుండ్రంగా, అర్ధరూపాయి కన్నా కాస్త పెద్దది. అంచున తాడు వేసుకోవడానికి రంధ్రం, నడుమ సుత్తితో కొట్టిన నంబరు. షెడ్డు గేటు దగ్గర టైమాఫీసు కిటికీలో ఆ బిళ్ల వేస్తేనే ఆ రోజు హాజరు. లోపలికి పోయినాక పేరు లేదు, నంబరే. ఏళ్ల తరబడి వేళ్ల మధ్య అరిగి నంబరు అంచులు నున్నగా అయిపోయాయి. పండగకు అమ్మ చింతపండుతో ఇత్తడి సామాను తోమేటప్పుడు ఆ బిళ్లను కూడా తోమిపెట్టేది. పని మానినాక దాన్ని తిరిగి ఇచ్చేయాలి. నాయన రిటైరైన రోజు ఇచ్చేసి వచ్చాడు. ఇంట్లో అది లేకపోవడం కొన్నాళ్లు అందరికీ తెలుస్తూనే ఉండేది.

కాల్‌బాయ్ అనే ఉద్యోగం ఒకటుండేది. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని డ్రైవరు ఇంటికి, ఫైర్‌మన్ ఇంటికి వచ్చి తలుపు తట్టి లేపి, ఫలానా బండికి డ్యూటీ అని పుస్తకంలో సంతకం చేయించుకుని పోయేవాడు. సంతకం పెట్టినాక నిద్ర మన సొంతం కాదు. ఇంజను మీద ఎక్కితే ఎన్ని గంటలకు దిగుతామో తెలియదు. పదహారు గంటలు, ఇరవై గంటలు బొగ్గు వేసిన ఫైర్‌మన్లు ఉన్నారు. 1973 ఆగస్టులో లోకో రన్నింగు సిబ్బంది దేశమంతటా పని ఆపితే, పది గంటలకు మించి డ్యూటీ ఉండదని సర్కారు ఒప్పుకుంది. మా కాలనీలో ఆ రాత్రి ఆడవాళ్లు పాయసం వండారు. మగవాళ్లకన్నా వాళ్లకే ఆ గెలుపు విలువ ఎక్కువ తెలుసు.

యూనియన్ ఆఫీసంటే ఒక అద్దె గది. సున్నం గోడ, వేపచెట్టు నీడ, ఒక పొడుగు బల్ల, క్యారంబోర్డు, గోడకు మార్క్స్, లెనిన్ పటాలు, వాటి పక్కనే గాంధీ పటం. ఒకరోజు ఆలస్యంగా వచ్చే విశాలాంధ్ర పేపరు. చదువు రానివాళ్ల కోసం ఒక ఖలాసీ గట్టిగా చదివేవాడు. చదువుతూ ఆపి, ‘అంటే ఏందప్పా దీనర్థం?’ అని తనే అడిగేవాడు. అక్కడ మొదలయ్యేది చర్చ. గదిలో కమ్యూనిస్టులు, లోహియా సోషలిస్టులు, కాంగ్రెసువాళ్లు అందరూ ఉండేవాళ్లు. చందా పుస్తకంలో మాత్రం అందరి పేర్లూ వరుసగా ఒకే చేతిరాతలో ఉండేవి. నెలకు అర్ధరూపాయి చొప్పున రాసుకుని, కార్బన్ పేపరు పెట్టి రసీదు చింపి ఇచ్చేవాళ్లు. ఆ ఊదారంగు రసీదుల కట్ట మా ఇంట్లో దేవుడి గూట్లో, పంచాంగం కింద ఉండేది.

నేను అక్షరాలు కూడబలుక్కునే వయసులో ఆ గదికి పోయి కూర్చునేవాణ్ణి. మాస్కో నుంచి తెలుగులో అచ్చయి వచ్చే పుస్తకాలు అక్కడే మొదట చూశాను. గట్టి అట్ట, తెల్లటి కాగితం, గంజి వాసన, చాలా తక్కువ వెల. విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వస్తే జీతం రోజు సంతలా ఉండేది. ఆ పుస్తకాల వెనక మన కడప మనిషి కూడా ఒకాయన ఉన్నాడని తర్వాత తెలిసింది. రాచమల్లు రామచంద్రారెడ్డి, మనందరి రారా, మాస్కోలో ఉండి తెలుగు అనువాదాలు చేశారు. అంతకుముందు 1968లో ఆయన తెచ్చిన ‘సంవేదన’ పత్రికలో సొంత గూటి కవులను కూడా వదిలిపెట్టకుండా విమర్శించారు. నమ్మిన సిద్ధాంతం మనిషి బుద్ధిని కట్టెయ్యకూడదనే పట్టుదల ఆయనది. ఆ పట్టుదలను నేను ఉదారవాదపు మంచి గుణమనే అంటాను. ఆయన ఉండి ఉంటే ఒప్పుకోకుండా వాదించేవారేమో. వాదించినా బాగుండేది.

ఉద్యోగం కోసం నేను కర్నూలు వెళ్లాక అవతలి వైపు చూశాను. కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో ఒక ప్లీడరుగారి ఇంటి వరండా. ఆయన స్వతంత్ర పార్టీ మనిషి. రాజాజీ అంటే ప్రాణం. ‘స్వరాజ్య’ ఇంగ్లీషు వారపత్రిక సంచికలు ఏళ్లవారీగా బైండు చేయించి పెట్టుకున్నాడు. 1959లో కాంగ్రెసు నాగపూరు సభలో ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేస్తే, దానికి ఎదురుగా రాజాజీ, ఎన్.జి. రంగా స్వతంత్ర పార్టీ పెట్టారు. రంగా దానికి మొదటి అధ్యక్షుడు. లైసెన్సు, పర్మిటు, కోటా పేరుతో అధికారి బల్ల ముందు రైతును, చిన్న వర్తకుణ్ణి నిలబెట్టే రాజ్యం పాడు రాజ్యమని వాళ్ల వాదం. అందులో నిజం చాలా ఉంది. ఎరువు బస్తా కోసం, సిమెంటు పర్మిటు కోసం తాలూకాఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఆ నిజం తెలుసు.

ఆ వరండాలో నేను విన్న మాటొకటి మరిచిపోలేను. ఆదోని జిన్నింగు మిల్లు కూలీలు కొందరు కేసు కాగితాలతో వచ్చారు. ఆదోనిని అప్పట్లో రెండో బొంబాయి అనేవాళ్లు, అంత దూది వ్యాపారం. 1953 దాకా అది బళ్లారి జిల్లాలో ఉండేది. వచ్చినవాళ్లలో ఒకడు ఉండబట్టలేక అడిగేశాడు: “ప్లీడరుసారూ, మీది దొరల పార్టీ అంటారే, మా కేసు యాల పడ్తావుండావు?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “సర్కారు నీ మీద పడినా, సేటు నీ మీద పడినా నాకొకటే అప్పా. పడేవాడెవడని చూడను, కింద ఎవడున్నాడని చూస్తా. కాగితాలిట్లా తే.”

అట్లాంటి ఉదారవాదులు ఎక్కువ మంది ఉండి ఉంటే ఆ పార్టీ చరిత్ర వేరేగా ఉండేది. కానీ స్వతంత్ర పార్టీని నిలబెట్టింది ఎక్కువగా జమీందార్లు, పెద్ద రైతులు, మిల్లుదారులు. అధికారి బల్ల ముందు నిలబడ్డ రైతును వాళ్లు చూశారు, ఆ రైతు కళ్లం దగ్గర నిలబడ్డ కూలిని చూడలేదు. జోషి, కేశవపిళ్లై నడిచిన దారిని ఉదారవాదులే మరిచిపోయారు. నా దృష్టిలో సీమ రాజకీయాలకు జరిగిన పెద్ద నష్టం అదే. కమ్యూనిస్టుల వైపు తప్పు వేరు. ఎన్నికలు, కోర్టు, పత్రిక అన్నీ తాత్కాలికపు పనిముట్లని చాలా ఏళ్లు మాట్లాడారు. తమ సంఘాన్ని కాపాడుతున్న చట్టం కూడా ఒక హక్కుల సంప్రదాయం ఇచ్చిందేనని గట్టిగా చెప్పలేదు.

కర్నూలు మూడేళ్లు రాజధానిగా ఉన్న కాలంలోనూ ఈ వాదాలన్నీ ఒకచోట గుమిగూడాయి. 1953 అక్టోబరు 1న గుడారాల్లో ఆంధ్ర రాష్ట్రం మొదలైంది. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి. 1954 నవంబరులో ఆ ప్రభుత్వం పడిపోయింది మద్యనిషేధం మీద, కల్లుగీత కార్మికుల బతుకుతెరువు మీద. ఒక్క ఓటు తేడాతో. గీత కార్మికుల కోసం గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. తాటిచెట్టెక్కే మనిషి కష్టం ఒక ప్రభుత్వాన్ని దింపింది. 1955 ఎన్నికల్లో అందరూ కలిసి కమ్యూనిస్టులను ఓడించారు. 196 స్థానాల సభలో వాళ్లకు 15 మిగిలాయి. ఈ గుడారాల కాలం గురించి బోలెడు మంది రాశారు కనుక నేను ఇంతటితో వదిలేస్తాను.

రాయవలసింది ఎమ్మిగనూరు గురించి. మాచాని సోమప్ప అక్కడ 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేతగాడు మాస్టర్ వీవరు దగ్గర నూలు అప్పు తెచ్చి, బట్ట అతనికే ఇచ్చి, ఎప్పటికీ బాకీలో ఉండే పద్ధతిని ఆ సంఘం చాలావరకు తప్పించింది. నూలు సంఘం ఇచ్చేది, కూలి లెక్కకట్టి ఇచ్చేది, దుప్పట్లు, టవళ్లు, కర్టెను గుడ్డలు సంఘం పేరు మీద దేశమంతా అమ్మేది. నేతగాళ్లకు ఇళ్ల కాలనీ కట్టించింది. ఎర్రజెండావాళ్లు దాన్ని తమదనలేదు, ప్లీడరుగారి పార్టీ కూడా తమదనలేదు. సొంత మగ్గం, సొంత పని, పైన ఉమ్మడి సంఘం. రెండు సిద్ధాంతాలూ పుస్తకాల్లో వెతుకుతున్నదానికి దగ్గరగా వచ్చిన పని మన ఎర్ర దుమ్ములో జరిగింది. పవర్‌లూమ్ బట్ట ముందు నిలవలేక తర్వాత మగ్గాలు తగ్గిపోయాయి. ఎమ్మిగనూరు దుప్పటి ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. అంచు పోగు ఒక్కటీ కదల్లేదు.

1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. దేశంలో పదిహేడు లక్షల మంది దాకా పని ఆపారు. నడిపించినవాడు సోషలిస్టు జార్జి ఫెర్నాండెజ్. సమ్మెకు ముందే ఆయన్ను అరెస్టు చేశారు. మా కాలనీలో ఆ రోజుల్లో సైరను మోగిందో లేదో నాకు గుర్తు లేదు గానీ, పట్టాల మీద బండి చప్పుడు లేకపోవడం వల్ల రాత్రుళ్లు ఎవరికీ నిద్రపట్టేది కాదు. మగవాళ్లు పగలు ఇళ్లల్లో ఉండేవాళ్లు కాదు. మా అమ్మ, పక్కింటి సాయిబుల అమ్మ, ఎదురింటి తమిళావిడ ఒకే పొయ్యి మీద వండి పంచేవాళ్లు. మే 27న సమ్మె విరమించారు. దేశమంతటా వేలమంది జైళ్లలో, వేలమంది ఉద్యోగాల్లేకుండా ఉన్నారు. ఉద్యోగం పోయిన ఒక ఫైర్‌మన్ మూడేళ్లు నందలూరు సంతలో కూరగాయలు అమ్మాడు. 1977లో జనతా ప్రభుత్వం వచ్చి, సోషలిస్టు మధు దండావతే రైల్వే మంత్రి అయినాక అటువంటివాళ్లను తిరిగి తీసుకున్నారు. ఆ ఫైర్‌మన్ మళ్లీ ఇంజనెక్కిన రోజు సంతలోవాళ్లు స్టేషనుకు వచ్చారు.

సమ్మె విరిగిన ఆ 1974లోనే, ఆగస్టులో, స్వతంత్ర పార్టీ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. నక్షత్రం గుర్తు అట్లా పోయింది. మరుసటి ఏడాది ఎమర్జెన్సీ వచ్చింది. సీపీఐ దాన్ని సమర్థించింది. కర్నూలు ప్లీడరుగారు కోర్టులో నోరెత్తారు, మా యూనియన్ గదిలో చాలామంది తలలు వంచుకున్నారు. 1977 ఎన్నికల్లో కడప సీటు కమ్యూనిస్టుల చేయిదాటింది. మళ్లీ తిరిగి రాలేదు.

తర్వాత వచ్చినవి అందరికీ తెలుసు. పార్టీ పేరు అడిగితే మనిషి పేరు చెప్పే కాలం వచ్చింది. బనగానపల్లె, బేతంచెర్ల, ఎర్రగుంట్ల నాపరాతి గనుల్లో, సిమెంటు ఫ్యాక్టరీల్లో పని పెరిగింది, కాంట్రాక్టు కూలి పెరిగింది. సంఘం పెట్టాలంటే ఏ సిద్ధాంతం అని కాక ఎవరి మనిషివి అని అడిగారు. ఆ ప్రశ్న వచ్చినాక క్యారంబోర్డు గదికి పని లేకుండా పోయింది. డీజిల్ ఇంజన్లు వచ్చి నందలూరు షెడ్డు మూతపడింది. ఊళ్లో సగం ఇళ్లు గుంతకల్లుకు, ఇతర ఊళ్లకు బదిలీ అయిపోయాయి. 1926 చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ తనలో కలుపుకుంది. జోషి పేరు, వాడియా పేరు ఆ చర్చలో ఎక్కడైనా వినిపిస్తాయేమోనని నేను పేపర్లు వెతికాను.

ఇప్పుడు ఈ రాత చదివేవాళ్లకు నాదొక మనవి. సీమలో రైల్వే, జిన్నింగు, నేత, గని, బీడీ ఏ సంఘానిదైనా సరే, పాత మినిట్సు పుస్తకం, చందా రసీదుల కట్ట, చేత్తో రాసిన పోస్టరు, ప్లీడరు ఇంట్లో మిగిలిన కేసు కట్ట మీ అటక మీద ఉంటే పాత పేపర్లవాడికి వెయ్యకండి. కడపలో బ్రౌన్ పేరు మీద భాషా పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ పాత కాగితాలను చూసుకునే మనుషులున్నారు. కర్నూలువాళ్లు జిల్లా గ్రంథాలయంలో అడగండి. మా నాయన రసీదుల కట్ట నేను ఈ నెలలోనే తీసుకెళ్లి ఇస్తున్నాను. కమ్యూనిస్టుల కాగితాలు వేరు, స్వతంత్ర పార్టీవి వేరు అని విడదీయకుండా ఒకే బీరువాలో పెట్టమని అడుగుతాను.